మా మదర్సా వేపచెట్టు నేర్పిన పాఠం

మా మదర్సా ఆవరణలో ఒక వేపచెట్టు ఉంది. 1982వ సంవత్సరంలో మా ఉస్తాద్ దానిని నాటారు. ఆనాడు నేను పన్నెండేళ్ళ హిఫ్జ్ విద్యార్థిని. నల్లగొండ జిల్లాలోని మా పల్లె నుంచి హైదరాబాదు వచ్చి ఆరు నెలలైనా కాలేదు. ఇంటిమీది బెంగతో రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. అది గమనించిన ఉస్తాద్ ఒకనాడు ఫజ్ర్ నమాజు తరువాత నన్ను పిలిచి, మోకాలెత్తు మొక్కను నా చేతికిచ్చి పట్టుకోమన్నారు. తామే గుంట తవ్వి, మొక్కను నిలిపి, మట్టి కప్పి, "ఇకమీదట దీని దాహం నీ బాధ్యత" అన్నారు. ఆ మాటతో నా బెంగ సగం తీరింది.

కొన్నాళ్ళకు ఆయన వుజూఖానా నీరు వృథా పోకుండా సన్నని కాలువ తీయించి చెట్టు వైపు మళ్ళించారు. ఐదు పూటలా మేము వుజూ చేసిన నీటితోనే అది పెరిగింది. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆవరణలో సగానికి నీడ పరిచింది. 1995లో నేను అదే మదర్సాలో బోధకునిగా చేరాను. ఎండ మండే నెలల్లో సైతం నా హదీసు తరగతి ఆ చెట్టు కిందనే జరిగేది. 2003లో ఉస్తాద్ ఇహలోకం వీడారు. ఆయన జ్ఞాపకంగా మాకు మిగిలినవి కొన్ని చేతివ్రాత ప్రతులు, ఈ చెట్టు.

ఆ చెట్టును నేను ఎంతో ప్రేమించాను. దానిని దాదాపు చంపినవాడిని కూడా నేనే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నప్పటికీ, పాఠకులలో ఒక్కరికైనా ఉపకరిస్తుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2014లో మా శ్రేయోభిలాషి ఒకరు, మరణించిన తమ తండ్రిగారి పేరిట సదఖా జారియాగా ఆవరణ మొత్తానికి టైల్స్ పరిపించడానికి ముందుకు వచ్చారు. వానాకాలంలో పిల్లల కాళ్ళకు బురద అంటుకుని తరగతి గదులు, నమాజు చాపలు పాడవుతున్న రోజులవి. మేమంతా సంతోషించాము. చెట్టు చుట్టూ గుండ్రని చబూత్రా కట్టి, లోపల మట్టి నింపి, పైన రాతి పలకలు వేస్తే పిల్లలు చక్కగా కూర్చుంటారని సలహా చెప్పినది నేనే. మేస్త్రీ పక్కన నిలబడి పని చేయించినదీ నేనే. కాండం చుట్టూ రెండున్నర అడుగుల ఎత్తున మట్టి పోశాము. కాండానికి ఆనేటట్లు పలకలు అమర్చాము. ఆవరణలో మట్టి అనేది కనబడకుండా టైల్స్ పరిచాము. వుజూ నీటి కాలువను పూడ్చి, నీటిని మురుగు గొట్టంలోకి కలిపాము.

ఆ పని జరుగుతున్నప్పుడు మా వంటవాడు ఒక మాట అన్నాడు. పాలమూరు జిల్లా రైతు కుటుంబంలో పుట్టి, కరవుకు తాళలేక నగరం చేరిన పెద్దమనిషి. మేమంతా ఆయనను చాచా అని పిలిచేవాళ్ళం. చేతిలోని గరిటె పక్కన పెట్టి వచ్చి, "మౌల్సాబ్, చెట్టుకు మెడదాంక మన్ను పొయ్యకుండ్రి. దానికి దమ్మాడదు" అన్నాడు. నేను నవ్వాను. "చాచా, మట్టిలో పుట్టిన చెట్టుకు మట్టి ఎక్కువైతే మేలే గాని కీడెలా అవుతుంది?" అన్నాను. పక్కనున్న పిల్లలూ నవ్వారు. చాచా మరేమీ అనకుండా వంటగదిలోకి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

చెట్టు వెంటనే ఏమీ అనలేదు. నాలుగైదేళ్ళు పచ్చగానే ఉంది. మేమూ దాని ఓర్పును చూసి ధైర్యం తెచ్చుకున్నాము. షామియానా కట్టడానికి కాండానికి ఇనుపతీగ చుట్టాము. దీపాల కోసం మేకులు దిగగొట్టాము. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు గొడ్డలితో వచ్చి, తీగలకు అడ్డమని పై కొమ్మలను మొండెంగా నరికి వెళ్ళేవారు. అలా నరికితే చెట్టు మరింత గుబురుగా పెరుగుతుందని మేము నమ్మాము.

2021లో కొమ్మల చివరలు ఎండసాగాయి. ఆ రోజుల్లో తెలంగాణలోని అనేక ప్రాంతాల్లో వేపచెట్లు మాడిపోయినట్లు కనబడడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. "ఊరంతటి చెట్లకూ వచ్చిన రోగమే మన చెట్టుకూ వచ్చింది" అనుకుని ఊరుకున్నాము. 2022 వానాకాలం మొదట్లో ఒకనాడు అస్ర్ అజాన్ కాగానే పిల్లలు పుస్తకాలు రిహళ్ళ మీదనే ఉంచి వుజూకు లేచారు. రెండు నిమిషాలైనా గడవకముందే పెద్ద శబ్దం వినిపించింది. తొడంత లావు కొమ్మ ఒకటి విరిగి సరిగ్గా వాళ్ళు కూర్చున్న చోటనే పడింది. నాలుగు రిహళ్ళు నుగ్గయ్యాయి. అల్లాహ్ కాపాడాడు, పిల్లల్లో ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. ఆ నాలుగు రిహళ్ళ ముందు కూర్చున్న పిల్లల తల్లులకు నేను ఏమని జవాబు చెప్పి ఉండేవాణ్ణి?

మరుసటి రోజు యాజమాన్య కమిటీ సమావేశమైంది. చెట్టును కొట్టించాలన్నారు. ఎవరినీ తప్పుపట్టలేము. పిల్లల ప్రాణాల కన్నా ఏ చెట్టూ ఎక్కువ కాదు. 2002 నాటి 'వాల్టా' చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి తీసుకోవాలి కనుక దరఖాస్తు వ్రాసే పని నాకు అప్పగించారు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. 'కారణం' అన్న చోట కలం ఆగిపోయింది. చెట్టు ఎండిపోతున్నది అని వ్రాయగలను. ఎందుకు ఎండిపోతున్నదో నాకు తెలియదు. మా విద్యార్థి తండ్రి ఒకరు తోటల పని చేస్తారు. ఆయనతో ఈ సంగతి చెప్పగా, "హజ్రత్, కొట్టడం ఒక్క పూట పని. ముందు తెలిసినవారికి ఒకసారి చూపించండి" అన్నారు. తెలియనప్పుడు తెలిసినవారిని అడగాలన్న దివ్యఖుర్ఆన్ ఆదేశాన్ని ఎన్ని ఉపన్యాసాలలో నేను వినిపించి ఉంటానో! దానిని నాకు గుర్తుచేయడానికి ఒక తోటపనివాడు కావలసి వచ్చింది.

ఆయన ద్వారానే ఒక విశ్రాంత ఆచార్యులు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. చెట్ల వ్యాధుల శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. మేమంతా తల ఎత్తి ఎండుకొమ్మలు చూపిస్తుంటే ఆయన తల వంచి కిందికే చూశారు.

"మౌలానా గారూ, ఈ చెట్టు మొదలు ఎక్కడుంది?" అని అడిగారు.

"ఇదే కదా సార్" అని చూపించాను.

"ఇది కాండం. నేను అడుగుతున్నది మొదలు. ఏ చెట్టయినా నేలను తాకే చోట ఏనుగు పాదంలా వెడల్పవుతుంది. అక్కడి నుంచే వేర్లు నలుదిక్కులకూ చీలుతాయి. మీ చెట్టు కరెంటు స్తంభంలా నిటారుగా నేలలోకి దిగిపోయింది. అంటే దాని మొదలు ఎక్కడో లోపల సమాధి అయి ఉంది."

తరువాత ఆయన చబూత్రా మీద కూర్చుని పిల్లలకు చెప్పినట్లు నాకు వివరంగా చెప్పారు. చెట్టు ఎంత ఎత్తు ఉంటుందో వేర్లు అంత లోతుకు దిగుతాయని మనం అనుకుంటాము. వాస్తవానికి ఆహారాన్నీ నీటినీ గ్రహించే సన్నని వేర్లలో అత్యధిక భాగం నేల పైపొరలో, ఒకటిన్నర రెండు అడుగుల లోతులోనే ఉంటాయి. వెడల్పులో మాత్రం అవి కొమ్మల నీడను దాటి చాలా దూరం పోతాయి. వేర్లు నీరు తాగుతాయని అందరికీ తెలుసు. అవి శ్వాసిస్తాయని ఎవరికీ తట్టదు. మట్టి రేణువుల మధ్య ఉండే గాలే వాటికి ప్రాణాధారం. పైన అదనపు మట్టి పోసినా, సిమెంటు పరిచినా, వాహనాలు నిలిపి నేలను గట్టిపరిచినా ఆ గాలి అందదు. ఇక కాండం బెరడు గాలి తగిలే చోట ఉండవలసినది. దానిని తడిమట్టిలో కప్పితే మెల్లగా కుళ్ళుతుంది. చెట్టు తాను దాచుకున్న శక్తితో ఐదారేళ్ళు నెట్టుకొస్తుంది. అది ఓర్చుకుంటున్నదని తెలియక మనం బాగుందనుకుంటాము.

'దమ్మాడదు' అన్న చాచా మాట నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. శాస్త్రవేత్త గంటసేపు చెప్పినదానిని ఆ రైతుబిడ్డ ఎనిమిదేళ్ళ కిందట ఒక్క ముక్కలో చెప్పాడు.

"ఊరంతా వచ్చిన రోగం కాదంటారా సార్?" అని ఇంకా ఆశతో అడిగాను. అదీ ఉందని ఆయన అన్నారు. ఫోమాప్సిస్ అనే శిలీంద్రం వేప రెమ్మలను చివరల నుంచి ఎండబెడుతుంది. టీ దోమ లేత చిగుళ్ళ రసం పీల్చి దానికి తోడవుతుంది. మాడిపోయినట్లు కనబడినా చాలా వేపచెట్లు మళ్ళీ చిగురించాయని, చనిపోయాయనుకుని తొందరపడి నరికినవారే నష్టపోయారని చెప్పారు. బలంగా ఉన్న చెట్టు ఆ రోగాన్ని తట్టుకుంటుంది. ఊపిరాడని చెట్టు తట్టుకోలేదు. చివరికి ఆయన ఏ నిష్ఠూరమూ లేకుండా అడిగారు: "ఇలా కట్టమని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే కట్టించాను. వద్దన్నవారి మాట వినలేదు" అన్నాను.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత ఒంటరిగా కూర్చున్నాను. సహీహ్ ముస్లింలోని ఒక హదీసు మనసులో మెదిలింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) మదీనాలో ఖర్జూర తోట గుండా వెళుతూ, అక్కడివారు మగచెట్టు పుప్పొడిని ఆడచెట్ల పూగుత్తులకు అద్దడం చూశారు. దానివల్ల ప్రయోజనం ఉంటుందని తాము అనుకోవడం లేదని చెప్పారు. వారు ఆ పని మానివేశారు. ఆ ఏడు కాపు దెబ్బతిన్నది. సంగతి తెలిసిన తరువాత ఆయన (స) అది తమ సొంత అభిప్రాయం మాత్రమేనని, ప్రాపంచిక పనుల సంగతులు వారికే బాగా తెలుసునని స్పష్టం చేశారు. ఈ హదీసును నేను పాతికేళ్ళకు పైగా ప్రతి ఏడాదీ బోధిస్తున్నాను. దైవవాణికీ, లోకానుభవానికీ గల భేదాన్ని విద్యార్థులకు వివరిస్తున్నాను. ఆ పాఠం చెప్పినది ఈ వేపచెట్టు కిందనే. దైవప్రవక్త (స) అంతటివారు తోట పనిని తోటవారికి విడిచిపెట్టగా, నాలుగు గ్రంథాలు చదివిన నేను ఒక రైతు మాటను నవ్వి తోసివేశాను. నా విద్య నా నాలుక దాటి లోపలికి దిగలేదని తెలిసింది.

ఆచార్యులవారు చేయవలసిన పనులు చెప్పారు. పిల్లల తరగతి అక్కడి నుంచి వెంటనే మార్చాలి. చబూత్రా తొలగించాలి. పోసిన మట్టి తీసివేసి మొదలును బయటపెట్టాలి. చుట్టూ రెండు మీటర్ల మేర టైల్స్ ఎత్తివేయాలి. ఇది తమ సొంత ముచ్చట కాదని, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ నగరంలో చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తొలగించాలని అక్కడి అధికారులను ఆదేశించిందని చెప్పారు. ఇంత చేసినా చెట్టు బతుకుతుందని మాట ఇవ్వలేనన్నారు.

నాకు అన్నిటికన్నా కష్టమైన పని వేరే ఉంది. ఆ టైల్స్ ఒక కొడుకు తన తండ్రి కోసం చేసిన సదఖా జారియా. చబూత్రా గోడమీద ఆ తండ్రి పేరు చెక్కిన ఫలకం ఉంది. దానిని పగలగొట్టాలని ఏ ముఖంతో చెప్పను? రెండు రోజులు వెనుకాడి, మూడవ రోజు మగ్రిబ్ తరువాత వారి ఇంటికి వెళ్ళాను. తప్పు నాదేనని, మీరు డబ్బు ఇచ్చారు గాని ఎలా కట్టాలో చెప్పినవాణ్ణి నేనని వివరించాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. తరువాత, "హజ్రత్, అబ్బాజాన్‌కు పుణ్యం చేరాలని ఇచ్చాను. దానివల్ల ఒక చెట్టు చస్తుంటే నాకు ఎలా నిద్ర పడుతుంది? తీయించండి. కూలి ఖర్చు కూడా నేనే ఇస్తాను" అన్నారు. తీసిన టైల్స్ వుజూఖానాకు ఉపయోగించాము. ఫలకాన్ని నీటి కాలువ పక్కన నిలిపాము. ఆ పాత కాలువను మళ్ళీ తెరిపించాము.

మట్టి తీసే పని పారలతో చేయనివ్వలేదు. చిన్న తాపీలతో, చేతులతో, ఐదు రోజుల పాటు కొద్దికొద్దిగా తీశాము. వేరుకు గాయం తగిలితే మళ్ళీ తెగులు పడుతుందని ఆచార్యులవారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొదలు బయటపడిన తరువాత చూస్తే ఉత్తరపు వైపు బెరడు నల్లబడి మెత్తగా ఊడివచ్చింది. పోసిన మట్టిలోకి పాకిన కొత్త వేర్లు కొన్ని కాండాన్నే ఉరితాడులా చుట్టుకున్నాయి. షామియానా తీగ బెరడులోకి సగం మునిగిపోయింది. ఆకులలో తయారైన ఆహారం వేర్లకు దిగేది బెరడుకు ఆనుకుని ఉన్న పలుచని పొర గుండానేనని, చుట్టూ తీగ బిగిస్తే ఆ దారి మూసుకుపోతుందని ఆయన చెబుతుంటే పిల్లలు తమ మెడలు తడుముకున్నారు.

కొమ్మల పని మరొక రోజు జరిగింది. ప్రమాదకరమైన పెద్ద కొమ్మకు అవసరమైన అనుమతి తీసుకుని, తాడు కట్టుకుని ఎక్కగల అనుభవజ్ఞుడైన పనివాడిని పిలిపించారు. అతడు గొడ్డలి తేలేదు, రంపం తెచ్చాడు. కొమ్మ బరువుకు బెరడు చీలిపోకుండా మూడు కోతలు కోశాడు. కాండానికి ఒక అడుగు ఎడంగా కింది నుంచి ఒక గాటు పెట్టాడు. దానికి కొంచెం అవతల పైనుంచి కోసి కొమ్మను తాడుతో దించాడు. చివరికి మిగిలిన మొండిని, కొమ్మ పుట్టే చోట ఉబ్బెత్తుగా ఉండే పట్టీకి వెలుపల శుభ్రంగా కోశాడు. గాయానికి తారో రంగో పూద్దామని మేము అడిగితే ఆచార్యులవారు వద్దన్నారు. అమెరికాకు చెందిన అలెక్స్ షైగో అనే అటవీ శాస్త్రవేత్త వేలాది చెట్లను చీల్చి పరిశీలించి తెలుసుకున్న సంగతి చెప్పారు. మన చర్మంలా చెట్టు గాయం మానదు. కుళ్ళిన భాగం చుట్టూ చెట్టు లోలోపల గోడ కట్టుకుని, దానిని వేరుచేసి, పైన కొత్త కట్టెను పెంచుకుంటుంది. ఆ ఉబ్బెత్తు పట్టీ చెడకుండా కోస్తే ఆ పని అది తానే చేసుకుంటుంది. రంగు దానికి తోడ్పడదు. పైకొమ్మలను మొండెంగా నరికినప్పుడు వచ్చే గుబురు ఆరోగ్య చిహ్నం కాదని, ఆకులు పోగొట్టుకున్న చెట్టు పడే ఆరాటమని, ఆ కొత్త రెమ్మలు పట్టులేనివి కనుక గాలికి ముందుగా విరుగుతాయని కూడా చెప్పారు. మా పిల్లల మీద పడబోయిన కొమ్మ అలాంటిదే.

ఆ తరువాత ఒక ఆదివారం ఆయన నన్నూ, పెద్ద విద్యార్థులనూ అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణకు తీసుకువెళ్ళారు. అక్కడ ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. మా విద్యార్థులు చాలాసేపు దాని చుట్టూ మౌనంగా తిరిగారు. తిరుగు దారిలో ఆయన రహదారి చెట్లను చూపించారు. ఒకదానికి మెడదాకా సిమెంటు పోశారు. ఒకదానికి ప్రకటన బోర్డులు మేకులతో కొట్టారు. ఒకదాని చుట్టూ చిన్నప్పుడు పెట్టిన ఇనుప కంచె ఇప్పుడు కాండంలోకి దిగబడి ఉంది. ఎవరూ చెట్టును చంపాలని చేసినవి కావు. మొక్క నాటిన రోజున ఫొటో తీయించుకున్నవారు కంచె తీయడానికి మళ్ళీ రాలేదు, అంతే.

చెట్ల సంరక్షణ ఒక విద్య అనే సంగతి మనకు కొత్త కాకూడదు. పన్నెండవ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో జీవించిన ఇబ్నుల్ అవ్వామ్, 'కితాబుల్ ఫిలాహా' అనే బృహద్గ్రంథంలో 585 మొక్కలను గురించి, నేలల స్వభావం, అంటుకట్టడం, చెట్లకు వచ్చే రోగాలను గురించి వ్రాశారు. పూర్వుల మాటలను సేకరించడంతో ఆగక, తాము స్వయంగా పలుమార్లు పరీక్షించి చూడనిదే ఏదీ నిర్ధారించలేదని ఆయన చెప్పుకున్నారు. ఆ వారసత్వం గల మనం చెట్టు విషయంలో తోచినదే చేస్తున్నాము.

ఒక పని మిగిలిపోయింది. చాచా వయోభారంతో వంట మాని, మహబూబ్‌నగర్ సమీపంలోని తన ఊరికి వెళ్ళిపోయి మూడేళ్ళయింది. బస్సు ఎక్కి వెళ్ళాను. విషయమంతా చెప్పి క్షమాపణ అడిగాను. "అయ్యో మౌల్సాబ్, గిసుంటి దానికి ఇంత దూరం వస్తరా?" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పిల్లల ముందు నవ్వాను గదా చాచా, అన్నాను. ఆయన కొంతసేపు నేల చూసి, "ఆ దినం జర బాధైంది, నిజమే" అన్నాడు. అది విన్న తరువాతనే నా గుండె తేలికపడింది.

మధ్యాహ్నం ఆయన నన్ను పిల్లలమర్రి వద్దకు తీసుకువెళ్ళాడు. ఏడు వందల ఏళ్ళ వయసు ఉంటుందని చెప్పే ఆ మర్రి మూడెకరాల మేర విస్తరించి ఉంది. 2017 చివరలో దాని పెద్ద కొమ్మ ఒకటి కూలింది. చూస్తే చెదలు లోపలంతా తొలిచాయి. మొదట రంధ్రాలు చేసి మందు పోస్తే నిలవక బయటికి కారిపోయింది. అప్పుడు అటవీ శాఖవారు ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్లు సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. బరువైన కొమ్మల కింద ఆనికలు కట్టారు. చెట్టు తేరుకున్నది. "ఆయుస్సు అల్లాహ్ చేతిల ఉంటది. మందు ఇచ్చుడు మన పని" అన్నాడు చాచా.

ఇప్పటికి మూడు వానాకాలాలు గడిచాయి. మా వేపచెట్టు పూర్తిగా కోలుకున్నదని చెప్పను. ఉత్తరపు భాగం ఎండిపోయింది, దానిని తొలగించాము. దక్షిణపు వైపు మాత్రం పోయిన చైత్రంలో గుబురుగా చిగురించి పూసింది. దాని నీడ మునుపటిలో సగమే. ప్రతి వానాకాలానికి ముందూ తరువాతా ఆచార్యులవారు వచ్చి, చెక్కసుత్తితో కాండాన్ని తట్టి శబ్దం విని, మొదట్లో పుట్టగొడుగులు లేచాయేమో చూసి వెళుతున్నారు. అవి లేస్తే లోపల కుళ్ళు ఉన్నదని గుర్తు. ఒకవేళ రేపు ఆయన ఇది ఇక ప్రమాదమని చెబితే, దరఖాస్తు నేనే వ్రాస్తాను. ఈసారి 'కారణం' అన్న చోట కలం ఆగదు. దానికి వారసులుగా రెండు మొక్కలు, తీగలకూ గోడలకూ దూరంగా నాటాము. మొక్కకు కట్టిన తాడు ఏ నెలలో విప్పాలో గోడ మీది కాలెండరులో గుర్తు పెట్టాము.

మన ఇళ్ళ ముందు, మస్జిదుల ఆవరణల్లో, ఖబ్రస్తాన్లలో ఎన్నో చెట్లు ఉన్నాయి. ఈ వ్యాసం చదివినవారు ఒకసారి బయటికి వెళ్ళి తమ చెట్టు మొదలు చూడండి. అది వెడల్పుగా విచ్చుకుని కనబడుతున్నదా, స్తంభంలా నేలలోకి దిగిపోయిందా? సిమెంటు ఆని ఉంటే తొలగించండి. తీగలు, తాళ్ళు ఉంటే వేరుకూ బెరడుకూ గాయం కాకుండా విప్పండి. నీరు కాండానికి ఆనించి పోయకండి. కొమ్మల నీడ అంచున, అప్పుడప్పుడు, నేల లోతుగా తడిసేటట్లు పోయండి. రాలిన ఆకులను చెట్టు కింద తగలబెట్టకండి. వాటినే మూడు నాలుగు అంగుళాల మందాన, కాండానికి జానెడు ఎడంగా పరచండి. అవే దానికి ఎరువు, అవే తేమ. పెద్ద కొమ్మ కోయవలసి వస్తే చవకగా దొరికే గొడ్డలివాణ్ణి కాక, పని తెలిసినవాణ్ణి పిలవండి. మొక్క నాటినవాడికి, దాని నుంచి పక్షి తిన్నా పశువు తిన్నా మనిషి తిన్నా సదఖా పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ పుణ్యం కొనసాగాలంటే చెట్టు బతికి ఉండాలి గదా!

ఈ ఏడాది ఖర్జూర తోట హదీసు పాఠం వచ్చినప్పుడు నేను తరగతిని చెట్టు దగ్గరకు తీసుకువెళ్ళాను. కొమ్మలు లేని సురక్షితమైన వైపున నిలబెట్టాను. కాండం మీద రెండున్నర అడుగుల ఎత్తున ఇప్పటికీ ఒక మచ్చ ఉంది. అంతవరకూ మట్టి పోసిన గుర్తు అది. ఆ మచ్చ చూపించి, ఈ పని ఎవరు చేశారో చెప్పాను, ఎవరి మాట విననందువల్ల చేశానో కూడా చెప్పాను. ఒక చిన్న విద్యార్థి చేయి ఎత్తి, "హజ్రత్, చాచా ఆలిమ్ కాదు కదా?" అని అడిగాడు. "ఈ విషయంలో ఆయనే ఆలిమ్, నేను విద్యార్థిని" అన్నాను. వాడు తన నోటుపుస్తకంలో ఆ మాట వ్రాసుకున్నాడు.

మనకు తెలియనిది తెలియదని ఒప్పుకునే ధైర్యాన్ని, తెలిసినవారు ఎవరైనా సరే వారిని అడిగే వినయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.